కనురెప్ప వాలితే తలకు శస్త్రచికిత్స: హైదరాబాద్‌లో చేయించిన అన్యూరిజమ్ క్లిప్పింగ్‌పై సమీక్ష

హైదరాబాద్‌లోని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో, న్యూరోసర్జరీ విభాగంలో, మా అక్కకు నిరుడు అన్యూరిజమ్ క్లిప్పింగ్ శస్త్రచికిత్స జరిగింది. మెదడుకు రక్తం తీసుకువెళ్లే ధమని గోడ ఒకచోట పలచబడి, పాత సైకిలు ట్యూబు ఉబ్బినట్టు ఉబ్బి (ఈ ఉబ్బునే అన్యూరిజమ్ అంటారు), పక్కనే సాగే మూడో కపాల నాడిని నొక్కడంతో ఆమె కుడి కన్ను మూసుకుపోయింది. ఆ చికిత్సలో ఏది బాగుంది, ఏది బాగాలేదు అన్నదే ఈ సమీక్ష. ఇందులో ఫిర్యాదులు కూడా ఉన్నాయి గనుక, ఒక్క రోగి అనుభవాన్ని పట్టుకుని ఒక సంస్థపై తీర్పు చెప్పడం సబబు కాదు గనుక, ఆసుపత్రి పేరు రాయడం లేదు. శస్త్రచికిత్సకూ, దానికి ముందు వైద్యులు మాతో కూర్చుని మాట్లాడిన తీరుకూ పూర్తి మార్కులు వేస్తాను. ఆ తర్వాత కంటి విషయంలో అందిన సేవకు మాత్రం సగం కూడా వేయలేను.

అక్కకు చాలా ఏళ్లుగా మధుమేహం ఉంది. కుడి కంటి వెనక రెండు మూడు రోజులు నొప్పి వచ్చి, ఆ తర్వాత రెప్ప వాలడం మొదలైంది. రెప్పను వేలితో ఎత్తి చూస్తే కనుగుడ్డు బయటి వైపుకీ కిందికీ తిరిగి ఉంది; ఎదురుగా ఉన్న మనిషి ఇద్దరుగా కనిపిస్తున్నారని చెప్పింది. హనుమకొండలో మొదట చూసిన వైద్యుడు, షుగర్ ఉన్నవారికి కంటి నరానికి రక్తప్రసరణ తగ్గి ఇలా జరుగుతుందనీ, మూడు నెలల్లో దానంతట అదే సర్దుకుంటుందనీ చెప్పి మాత్రలు రాశారు. ఆ మాటలో తప్పు లేదు. మధుమేహుల్లో మూడో నాడి చచ్చుబడటం తరచుగా అలాగే వస్తుంది, అలాగే తగ్గుతుంది. అయితే ఆయన కనుపాప మీద టార్చి వేసి చూడలేదు. మర్నాడు చూసిన కంటి వైద్యురాలు ముందుగా చేసిన పని అదే. కుడి కనుపాప ఎడమదానికంటే పెద్దదిగా ఉంది, వెలుతురు పడినా చిన్నది కావడం లేదు. ఆమె మందుల చీటీ రాయకుండా రెఫరల్ లేఖ రాసి, "ఈ రాత్రికే హైదరాబాద్ తీసుకెళ్లండి, రేపటి దాకా ఆగకండి" అన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో అందరికంటే విలువైన సేవ అందించినది ఆ టార్చి వెలుగే అని ఇప్పటికీ అనుకుంటాను. దానికి ఆమె తీసుకున్న ఫీజు మాత్రం మామూలు ఓపీ ఫీజే.

కనుపాపకు అంత ప్రాముఖ్యం ఎందుకో తర్వాత న్యూరోసర్జన్ బొమ్మ గీసి వివరించారు. కంటిని తిప్పే ఆరు కండరాల్లో నాలుగింటిని మూడో నాడే నడుపుతుంది. పై రెప్పను ఎత్తేదీ, కనుపాపను కుంచించేదీ కూడా అదే. కనుపాపకు వెళ్లే సన్నని తంతువులు ఆ నాడి పైపొరలో ఉంటాయి. బయటినుంచి ఏదైనా నొక్కితే ముందు దెబ్బతినేవి అవే. మధుమేహం వల్ల నాడి లోపలి భాగానికి రక్తం అందనప్పుడు పైపొర చాలావరకు నిలబడుతుంది గనుక కనుపాప మామూలుగానే పనిచేస్తుంది. ఇది నూటికి నూరుపాళ్లు నమ్మదగిన సూత్రం కాదని కూడా ఆయనే చెప్పారు: రెప్ప సగమే వాలి, కన్ను కొంతవరకు కదులుతున్న తొలి దశలో కనుపాప బాగున్నంత మాత్రాన అన్యూరిజమ్ లేదని అనుకోకూడదట, షుగర్ రోగుల్లో కనుపాప కొద్దిగా పెద్దదవడమూ ఉంటుందట. అందుకే ఇలాంటి సందర్భాల్లో రక్తనాళాల స్కాన్ తీయకుండా ఊరుకోకూడదు.

అత్యవసర విభాగంలో మాకు ఎదురైన వేగం మెచ్చుకోదగ్గది. రెఫరల్ లేఖ చదివిన డ్యూటీ వైద్యుడు డిపాజిట్ కట్టేవరకు ఆగమనకుండా సీటీ యాంజియోగ్రామ్‌కు పంపారు. మెడ గుండా పైకి వచ్చే అంతర కరోటిడ్ ధమని నుంచి పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ధమని చీలే చోట, సుమారు 8 మిల్లీమీటర్ల ఉబ్బు వెనక్కీ పక్కకీ తిరిగి ఉన్నట్టు అందులో కనిపించింది. అప్పటికి అది పగలలేదు. ఇలాంటి ఉబ్బు నాడిని నొక్కడం మొదలుపెట్టిందంటే అది పెరుగుతున్నదనో, ఆకారం మారుతున్నదనో అనుమానించాలి. పగిలితే మెదడు చుట్టూ రక్తస్రావమై ప్రాణమే పోవచ్చు. కన్ను మూతపడటాన్ని వైద్యులు అంత కంగారుగా చూడటానికి కారణం అదీ. మర్నాడు తొడ దగ్గరి ధమని గుండా గొట్టం పంపి డీఎస్ఏ అనే పూర్తి యాంజియోగ్రామ్ తీశారు. ఆ గది బయట బంధువులు కూర్చోవడానికి కుర్చీలు చాలవు, మంచినీళ్ల కుళాయి పనిచేయదు; రాయక తప్పదు గనుక రాశాను.

ఈ సేవలో అత్యుత్తమమైన ఘట్టం ఆ సాయంత్రం జరిగిన సంప్రదింపు. తల తెరిచి, ఉబ్బులోకి రక్తం పోకుండా దాని మొదట్లో క్లిప్ పెట్టే న్యూరోసర్జన్, రక్తనాళం లోపలి నుంచే కాయిల్స్ నింపే ఇంటర్వెన్షనల్ వైద్యుడు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, అక్కనూ బావగారినీ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. ఎవరి పద్ధతిని వారు వేర్వేరు గదుల్లో పొగుడుకునే చోట రోగి బంధువులు ఎంత అయోమయంలో పడతారో తెలిసినవారికి ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది. కాయిలింగ్‌లో పుర్రె తెరవనక్కరలేదు. గొట్టం గుండా సన్నని ప్లాటినం తీగ చుట్టలను ఉబ్బులోకి వదిలి లోపల రక్తం గడ్డకట్టేలా చేస్తారు. ఈ పద్ధతిని రూపొందించిన ఇటలీ వైద్యుడు గుగ్లియెల్మీ లాస్ ఏంజెలెస్‌లో 1990లో తొలిసారి రోగిపై వాడారు. 1995లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి వచ్చింది. క్లిప్పింగ్ అంతకంటే ఎంతో పాతది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో వాల్టర్ డాండీ 1937 మార్చి 23న తొలిసారి అన్యూరిజమ్ మెడకు, అంటే ధమని నుంచి ఉబ్బు మొదలయ్యే చోటుకు, వెండి క్లిప్ పెట్టినప్పుడు, ఆ రోగి బాధ కూడా మూడో నాడి చచ్చుబడటమే, ఉబ్బు కూడా అంతర కరోటిడ్ ధమని మీద ఇదే చోట. ఈ చరిత్ర చెప్పినది సర్జన్ గారే. ఇలాంటి సమయంలో చరిత్ర ఎందుకని బావగారు కొంచెం విసుక్కున్నారు గాని, అక్క మాత్రం శ్రద్ధగా విని, "అయితే ఎనభై ఏళ్ల కిందటి నుంచీ చేస్తున్నదే కదా" అని కాస్త స్థిమితపడింది.

బావగారు ఫోనులో చదివి వచ్చిన ఒక అధ్యయనం సంగతి అడిగారు. 2002లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఐసాట్ అనే ఆ అధ్యయనంలో 2,143 మంది రోగులున్నారు. ఏడాది తర్వాత మరణించినవారూ ఇతరులపై ఆధారపడవలసి వచ్చినవారూ కలిపి కాయిలింగ్ వర్గంలో 23.7 శాతం, క్లిప్పింగ్ వర్గంలో 30.6 శాతం. అంకెలు చూస్తే కాయిలింగే మేలనిపిస్తుంది. ఆశ్చర్యమేమిటంటే దీనికి జవాబు చెప్పినది క్లిప్ పెట్టే వైద్యుడు కాదు, కాయిల్ వేసే వైద్యుడు. ఆ అధ్యయనం పగిలిన అన్యూరిజమ్‌ల గురించినదనీ, పగలకుండా నాడిని నొక్కుతున్న ఉబ్బులకు ఆ లెక్కను నేరుగా అన్వయించలేమనీ ఆయన చెప్పారు. పైగా అక్క ఉబ్బుకు మెడ వెడల్పుగా ఉన్నందున కాయిల్స్ జారకుండా స్టెంట్ వేయవలసి రావచ్చనీ, అప్పుడు రక్తం పలుచన చేసే రెండు రకాల మాత్రలు నెలల తరబడి వాడాలనీ, ఉబ్బు మళ్లీ తెరుచుకుందేమో చూడటానికి యాంజియోగ్రామ్‌లు చేయించుకుంటూ ఉండాలనీ వివరించారు. తన చేతికి రావలసిన పనిని తనంతట తానే వదులుకున్న మనిషి మాట మీద మాకు నమ్మకం కుదిరింది.

కంటి సంగతి కూడా అక్కడే చర్చకు వచ్చింది. నాడిని బాధించేవి రెండు: ఉబ్బు బరువు, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ ఉబ్బు కొట్టే దెబ్బ. కాయిల్స్ నింపితే దెబ్బ తగ్గుతుంది గాని ముద్ద అక్కడే మిగులుతుంది. క్లిప్ పెడితే రక్తం పోవడం ఆగి ఉబ్బు మెత్తబడుతుంది, అవసరమైతే దాన్ని గుచ్చి ఖాళీ చేయవచ్చు. ఇప్పటివరకు పోల్చి చూసినవాటిలో నాడి పూర్తిగా కోలుకున్నవారి పాలు క్లిప్పింగ్ తర్వాతే ఎక్కువగా కనిపించిందని చెబుతూనే, అవి చాలావరకు పాత రికార్డులు తిరగేసి చేసిన పోలికలనీ, ఎవరికి ఏ పద్ధతి ఎంచారన్నదే ఫలితాన్ని ప్రభావితం చేసి ఉండవచ్చనీ సర్జన్ గారు హెచ్చరించారు. వయసు మీరినవారికీ, గుండె ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవారికీ కాయిలింగే మంచిదని కూడా అన్నారు. చివరికి అక్కతో, "అమ్మా, ఈ ఆపరేషన్ ముందుగా మీ ప్రాణం కోసం, తర్వాత కన్ను కోసం. త్వరగా వచ్చారు గనుక కంటికీ మంచి అవకాశముంది, కాని అది ఎంత తెరుచుకుంటుందో, ఎప్పుడు తెరుచుకుంటుందో నేను చెప్పలేను" అన్నారు. పక్షవాతం వచ్చే ప్రమాదాన్ని కూడా దాచలేదు: ఆ ఉబ్బు పక్కనే యాంటీరియర్ కొరాయిడల్ అనే సన్నని ధమని ఉంటుంది, దానికి అడ్డు తగిలితే అవతలి వైపు కాలూ చెయ్యీ పడిపోవచ్చు. సమ్మతి పత్రం మీద అక్క సంతకం చేసేటప్పటికి అందులో ఏముందో ఆమెకు తెలుసు. అన్ని ఆసుపత్రుల్లోనూ ఇలా జరగదని చెప్పనక్కరలేదు.

శస్త్రచికిత్స ఉదయం మొదలై మధ్యాహ్నం దాటాక ముగిసింది. వెంట్రుకలన్నీ తీయకుండా కుడి కణత వెనక జుట్టు అంచు వెంబడి ఒక పట్టీ మాత్రమే గొరిగారు. కణత దగ్గర పుర్రెలో చిన్న కిటికీ తెరిచి, మైక్రోస్కోప్ కింద మెదడు రెండు తమ్మెల మధ్య ఉండే సహజమైన చీలికను విడదీసుకుంటూ ధమని దగ్గరికి వెళ్లారు. ఉబ్బు మెడకు టైటానియం క్లిప్ బిగించాక, ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు మందును సిరలోకి ఎక్కించి, ఉబ్బులోకి రక్తం పోవడం లేదనీ, పక్క ధమనులన్నిటిలోనూ ప్రవాహం బాగుందనీ అక్కడికక్కడే చూసుకున్నారు. ఆ వీడియోను సర్జన్ గారు మాకు తర్వాత చూపించారు. నల్లని తెర మీద ధమనులు తెల్లగా వెలగడం, ఉబ్బు ఒక్కటే చీకటిగా మిగలడం వైద్యం తెలియనివారికి కూడా అర్థమైంది. నాడికి అంటుకున్న ఉబ్బు గోడను ఒలిచి తీసే ప్రయత్నం చేయలేదట. అలా లాగితే నాడికి మరింత నష్టమని, గుచ్చి మెత్తబరచి వదిలేశామని చెప్పారు. "నరాన్ని ముట్టుకోకపోవడమే నరానికి చేసే మేలు" అన్న ఆయన మాట మా ఇంట్లో అందరికీ గుర్తుండిపోయింది.

ఐసీయూలో నర్సుల పని గురించి ఒక్క మాటలో చెప్పాలంటే, లోపం పట్టడానికి నాకేమీ దొరకలేదు. వార్డుకు మార్చాక అంత బాగాలేదు. రాత్రిపూట పిలిస్తే రావడం ఆలస్యమయ్యేది. భోజనం షుగర్ రోగికని చెప్పినా రెండుసార్లు తీపి పెట్టారు. బిల్లు ముందు చెప్పిన అంచనాకంటే సుమారు ఐదో వంతు పెరిగింది. పెరిగినదానికి వివరం అడిగితే ఇచ్చారు గాని, అడిగితేనే ఇచ్చారు. బీమా సంస్థ అనుమతి కోసం డిశ్చార్జి రోజు సాయంత్రం వరకు కూర్చోవలసి వచ్చింది, అది ఈ నగరంలో అందరికీ తెలిసిన తతంగమే. మొత్తం ఖర్చులో క్లిప్ ధర చిన్న భాగమే. కాయిలింగ్ అయితే ఒక్కో కాయిల్‌కూ విడిగా లెక్కకట్టి, స్టెంట్ ధర కలిపితే సామగ్రి బిల్లే బాగా పెరిగేదని మాకు ముందే చూపించారు. మాది ఉద్యోగ బీమా. అది లేనివారు ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఉండే ఆరోగ్యమిత్ర దగ్గర ఈ చికిత్స ప్యాకేజీ గురించి ముందే కనుక్కోవడం మేలు. తెలంగాణలో ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. పంజాగుట్టలోని నిమ్స్‌లో కూడా న్యూరోసర్జరీ విభాగం ఉంది.

ఇక నా అసలు ఫిర్యాదు. డిశ్చార్జి పత్రంలో కన్ను గురించి ఉన్నది ఒకే వాక్యం: కంటి వైద్యుని సంప్రదించవలెను. ఎప్పుడు సంప్రదించాలి, దేని కోసం సంప్రదించాలి, ఈలోగా ఏమి జరుగుతుంది అన్నవేవీ లేవు. కొన్ని వారాలకు రెప్ప కొంచెం కొంచెంగా లేవడం మొదలై, ఇల్లంతా సంతోషించింది. రెప్ప సగం పైకి లేవగానే అక్కకు అన్నీ రెండుగా కనిపించసాగాయి. మెట్లు దిగలేకపోయింది, టీ పోస్తే కప్పు పక్కన పడింది. క్లిప్ జారిపోయిందేమో, లోపల మళ్లీ ఏదో అయిందేమో అని అందరం హడలిపోయి, మళ్లీ అత్యవసర విభాగానికి పరిగెత్తి, మళ్లీ స్కాన్ తీయించాం. స్కాన్‌లో ఏమీ లేదు. జరిగింది చాలా సహజమైన విషయమట: కోలుకునేటప్పుడు తరచుగా ముందు లేచేది రెప్ప, కనుగుడ్డు కదలికలు రావడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది, అంతవరకు మూసుకున్న రెప్పే రెండుగా కనిపించడాన్ని కప్పి ఉంచింది. అది తెరుచుకోగానే, ఇంకా పక్కకి తిరిగి ఉన్న కన్ను తన బొమ్మ తాను చూపించడం మొదలుపెట్టింది. అంటే మేము హడలిపోయినది కోలుకోవడాన్ని చూసి. ఈ నాలుగు వాక్యాలు డిశ్చార్జి రోజున ఎవరైనా చెప్పి ఉంటే ఒక సీటీ స్కాన్ ఖర్చూ, ఒక రాత్రి నిద్రా మిగిలేవి. లక్షలు తీసుకుని మిల్లీమీటర్ల లెక్కన పనిచేసిన విభాగం దగ్గర రోగికి ఇచ్చే ఒక్క పేజీ కాగితం లేకపోవడం నాకు మింగుడు పడలేదు.

ఆ లోటును తీర్చినది మళ్లీ కంటి వైద్యులే, వేరే చోట. అక్కడి మెల్లకన్ను విభాగంలో మొదట కళ్లద్దానికి ఒకవైపు మసక టేపు అంటించి రెండుగా కనిపించడాన్ని ఆపారు. కదలిక కొంత వచ్చాక అద్దం మీద అతికించే ప్రిజం పొర ఇచ్చారు. మెల్లకన్ను సరిచేసే ఆపరేషన్ గురించి కనీసం ఆరు నెలలు గడిచి, కొలతలు మారకుండా నిలిచేవరకు ఆలోచించవద్దని చెప్పారు. అక్క కన్ను ముక్కు వైపు తిప్పినప్పుడు రెప్ప ఉన్నట్టుండి పైకి లేస్తుంది. నాడి తంతువులు తిరిగి పెరిగేటప్పుడు కొన్ని దారి తప్పి వేరే కండరానికి చేరడం వల్ల అలా జరుగుతుందనీ, ఒత్తిడికి లోనైన నాడిలో ఇది అరుదేమీ కాదనీ అక్కడే తెలిసింది. కనుపాప ఇప్పటికీ ఎడమదానికంటే పెద్దదే. ఎండలోకి వెళ్తే నల్లద్దాలు కావాలి, దగ్గరి అక్షరాలకు చత్వారపు అద్దం తప్పదు. నేరుగా చూస్తున్నప్పుడు మాత్రం ఒక్కటే బొమ్మ కనిపిస్తుంది. పైకి చూస్తేనే రెండవుతుంది.

చెప్పని మరో విషయం దవడ గురించి. పుర్రె కిటికీ తెరవడానికి కణత కండరాన్ని పక్కకి తప్పిస్తారు గనుక, కొన్ని వారాలు నోరు పూర్తిగా తెరుచుకోదు. అక్క అన్నం ముద్ద పెట్టుకోలేక చెంచాతో తింది. ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలతో అది పూర్తిగా తగ్గింది. కోత వెనక నెత్తి మీద అరచేయంత మేర స్పర్శ ఇంకా లేదు. దువ్వుకునేటప్పుడు తప్ప గుర్తుకు రాదంటుంది.

ఈ శస్త్రచికిత్సను ఈ విభాగంలో మరొకరికి సిఫారసు చేస్తావా అని అడిగితే చేస్తాను, ఒక షరతుతో: దాఖలయ్యే రోజునే ఒక కంటి వైద్యుని చేత రెప్ప ఎత్తు, కనుపాప పరిమాణం, కదలికల కొలతలు రాయించుకుని పెట్టుకోవాలి. మా దగ్గర తొలి కొలతలు లేకపోవడం వల్ల, ఎంత మెరుగైందన్న ప్రశ్నకు కంటి వైద్యులు మా ఫోను ఫొటోలు చూసి అంచనా కట్టవలసి వచ్చింది. మెడ వెడల్పు ఉబ్బుకు ఇక్కడ క్లిప్పింగే ఎంచారు గనుక అందరికీ అదే సరైనదని కూడా అనుకోవద్దు; కాయిలింగ్ చేసే వైద్యుడు కూడా బల్ల దగ్గర ఉన్నాడో లేడో చూసుకుంటే చాలు.

ఆసుపత్రి వదిలే ముందు క్లిప్ తయారీదారు పేరు, నమూనా, లోహం రాసిన స్టిక్కరును ఆపరేషన్ నోటు నకలుతో సహా అడిగి తీసుకోండి. మాకు మొదట ఇవ్వలేదు. ఆ తర్వాత నడుము నొప్పికి ఎంఆర్ఐ తీయించబోతే, తలలో ఉన్నది ఏ క్లిప్పో రాతపూర్వకంగా చూపించనిదే యంత్రంలోకి పంపమని స్కాన్ కేంద్రం వారు తిప్పి పంపారు. పాత రకం క్లిప్‌లలో కొన్ని అయస్కాంతానికి కదిలేవి గనుక వారు అలా పట్టుబట్టడం సరైనదే. రికార్డుల విభాగంలో దరఖాస్తు పెడితే ఆ కాగితం మరుసటి వారం చేతికి వచ్చింది. ఇప్పుడు దాని నకలు ఒకటి అక్క పర్సులోనూ, ఒకటి బావగారి ఫోనులోనూ ఉంది.